అమ్మమ్మగారింట్లో దొరికిన మడత కత్తి: వయసు తేల్చడం ఎలా?

సాగరఘోష

అందరికీ నమస్కారం. విశాఖ వన్‌టౌన్‌లో పాత పోస్టాఫీసు దగ్గర ఉన్న మా అమ్మమ్మగారి ఇంటిని మరమ్మతుల కోసం ఖాళీ చేస్తుంటే అటక మీది రేకు పెట్టెలో ఒక మడత కత్తి దొరికింది. గడ్డం గీసుకునే పాతకాలపు కత్తి. ఉప్పుగాలికి బాగా తుప్పు పట్టింది కానీ అంచు ఎక్కడా విరగలేదు. అలుగు పొడవు మూడు అంగుళాలకు కాస్త తక్కువ, వెడల్పు ముప్పావు అంగుళం లోపు. పిడి నల్లటి కొమ్ము. వెలుగుకు ఎదురుగా పెట్టి చూస్తే తేనెరంగు చారలు కనిపిస్తున్నాయి. పిడికి ఒక పక్క మూడు తెల్లని చుక్కలు పొదిగి ఉన్నాయి, ఒక్కో చుక్క మీద గుండ్రంగా నల్లని గీత.

అలుగుకూ, తెరిచేటప్పుడు వేలు ఆనించే వెనక తోకకూ నడుమ ఉన్న మెడ మీద ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. పై వరుసలో ‘జోసెఫ్ రాడ్జర్స్ అండ్ సన్స్’. కింది వరుసలో ‘కట్లర్స్ టు’, ఆ తర్వాత ‘హెచ్’ అక్షరం, దాని పక్కన తుప్పు తినేసిన చోటు, ఆపైన ‘మెజెస్టీ’. ఒక నక్షత్రం, ఒక శిలువ గుర్తు కూడా ఉన్నాయి. ఏ దేశంలో తయారైందో ఎక్కడా లేదు.

1933లో విశాఖ ఓడరేవు ప్రారంభమైన రోజుల్లో, అక్కడ గుమాస్తాగా పనిచేసిన మా ముత్తాతగారికి ఒక ఇంగ్లీషు ఇంజనీరు దీన్ని ఇచ్చి వెళ్లాడని ఇంట్లో చెప్పుకుంటారు. కాబట్టి కత్తి వయసు తొంభై ఏళ్లు అనుకోవాలా, ఇంకా పాతదా? చింతపండు పులుసు, గరుకు కాగితం పెట్టి రుద్దితే అక్షరాలు తేలుతాయని మా మేనమామ గారు అంటున్నారు. ముందు మిమ్మల్ని అడుగుదామని ఆగాను. ఫోటోలు జత చేశాను.

సానరాయి

బాబూ, ముందు ఆ గరుకు కాగితం పక్కన పెట్టేయండి. మాది తరతరాలుగా క్షౌరవృత్తి, అల్లిపురంలో దుకాణం. మా తాతగారి పొదిలోని కత్తులు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. మెడ మీది అక్షరాలు ఉక్కు మెత్తగా ఉన్నప్పుడు అచ్చు పెట్టి కొట్టినవి. ఆ లోతు చాలా తక్కువ. గరుకు కాగితం నాలుగు సార్లు ఆడిస్తే తుప్పుతో పాటు అక్షరం గట్టు కూడా పోతుంది. ఇక ఆ కత్తి ఏ కాలం నాటిదో చెప్పగల సాక్ష్యం మిగలదు. చింతపండు ఇత్తడి బిందెలకు. ఉక్కును ఆ పులుపు తినేస్తుంది.

ఈ రాత్రికి తుప్పు మీద కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసి వదిలేయండి. పొద్దున మెత్తని నూలుగుడ్డతో అద్దండి, రుద్దకండి. పదును చూడటానికి వేలు ఆనించకండి. ఇలాంటి పాత అంచు తుప్పు మీద కూడా కోస్తుంది.

మీ రెండో ఫోటోలో మెడ అడుగున వరసగా సన్నని గాట్లు కనిపిస్తున్నాయి. పట్టుకున్న వేలు జారకుండా పెట్టినవి అవి. తోక కూడా పొడుగ్గా, పైకి వంగి ఉంది. మరీ పాత కత్తులకు అలాంటి తోక ఉండదు. తక్కినది పెద్దలు చెబుతారు.

తూర్పుతీరం

ఇందులో తేల్చడానికి పెద్దగా ఏమీ లేదనుకుంటాను. 1890లో అమెరికా చేసిన మెకిన్లీ సుంకాల చట్టం ప్రకారం 1891 నుంచి దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలి. ఈ కత్తి మీద ‘ఇంగ్లండ్’ అని లేదు కాబట్టి 1891కి ముందుదే. పాత కత్తులు సేకరించేవాళ్లంతా చెప్పే సూత్రం ఇది.

పాతసరుకు

తూర్పుతీరం గారూ, ఆ సూత్రం అమెరికాలో దొరికిన కత్తికి పనికొస్తుంది. విశాఖలో దొరికిన కత్తికి దాన్ని అంటగట్టలేం. అది అమెరికా రేవుల్లో దిగే సరుకు కోసం చేసిన చట్టం. రాడ్జర్స్ వారి ఊరు, ఇంగ్లండ్‌లో కత్తులకు పేరుపడిన షెఫీల్డ్ నుంచి మద్రాసుకో కలకత్తాకో వచ్చే సరుకుకు దానితో సంబంధం లేదు. అమెరికాకూ ఇతర దేశాలకూ ఒకే అచ్చు వాడిన తయారీదారులు ఉండవచ్చు, వేర్వేరు అచ్చులు వాడినవారూ ఉండవచ్చు. కాబట్టి మన దగ్గర దొరికిన కత్తి మీద ‘ఇంగ్లండ్’ అని ఉంటే అది 1891 తర్వాతిది అనుకోవడానికి కొంత ఆధారం ఉంది. లేకపోతే మాత్రం ఏమీ రుజువు కాదు. ఈ తేడా గమనించకుండా తేదీలు వేసేయడం వల్ల మన దేశంలోని పాత సామాను అమ్మకాల్లో ఇరవయ్యో శతాబ్దపు కత్తులు ఎన్నో పందొమ్మిదో శతాబ్దపువిగా చలామణీ అవుతున్నాయి. నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇది.

మనకు వర్తించే చట్టాలు వేరే ఉన్నాయి. బ్రిటన్‌లో 1887లో, మన దేశంలో 1889లో మర్చండైజ్ మార్క్స్ చట్టాలు వచ్చాయి. జర్మనీలో చేసిన సరుకు మీద ఇంగ్లీషు పేర్లు కొట్టి అమ్మేవారిని ఆపడానికి తెచ్చినవి అవి. ‘మేడ్ ఇన్ జర్మనీ’ అనే ముద్ర అలా మొదలైంది. షెఫీల్డ్‌లోనే తయారై షెఫీల్డ్ పేరుతోనే వచ్చిన కత్తికి వాటి వల్ల కొత్తగా రాయాల్సింది ఏమీ లేదు.

ఈ కత్తిలో అసలు తాళం చెవి ఆ తుప్పు తిన్న చోటే. ‘హర్ మెజెస్టీ’ అయితే రాణి, అంటే విక్టోరియా పాలన: 1837 నుంచి 1901 వరకు. ‘హిజ్ మెజెస్టీ’ అయితే రాజు. రాడ్జర్స్ వారికి రాజాస్థాన కత్తుల తయారీదారులన్న గుర్తింపు నాలుగో జార్జి కాలంలో 1822లో దక్కింది. కాబట్టి రాజు అయితే 1822కూ 1837కూ మధ్య, లేదా 1901 తర్వాత. మీ ఇంటి కథకు 1901 తర్వాతిది బాగా అతుకుతుంది. అయినా కథకు అతుకుతుందని ఆ అక్షరం చదవకూడదు, అక్షరం చదివాకే కథ దగ్గరికి వెళ్లాలి.

ఉక్కునగరం

ఆ అక్షరం చదవడానికి తుప్పు తీయనవసరం లేదు. గది చీకటి చేసి, టార్చిని మెడకు ఎదురుగా కాకుండా పక్క నుంచి, దాదాపు ఉపరితలానికి ఆనించినట్టుగా పెట్టి వెలిగించండి. వెలుగు వాలుగా పడితే గుంటల్లో నీడ నిలుస్తుంది. టార్చిని నాలుగు వైపుల నుంచీ మార్చి మార్చి ఫోటోలు తీయండి. ఒక వైపు కనపడని గీత మరో వైపు నుంచి కనపడుతుంది.

అలా కూడా తేలకపోతే ఇంకో మార్గం ఉంది. ‘హర్’ను ఇంగ్లీషులో రాసినప్పుడు హెచ్ తర్వాత ఇ, ఆర్ వస్తాయి. ‘హిజ్’లో హెచ్ తర్వాత ఐ, ఎస్. అందులో ఐ ఒక్క నిలువు గీత, అది ఆక్రమించే చోటు చాలా తక్కువ. అదే వరుసలో ‘కట్లర్స్’ అన్న మాట చెక్కుచెదరకుండా ఉందని ఫోటో చెబుతోంది. ఆ మాటలోనూ ఇ, ఆర్ పక్కపక్కనే ఉంటాయి! ఆ రెండు అక్షరాల మొత్తం వెడల్పు కొలవండి. తర్వాత తుప్పు తిన్న చోటు వెడల్పు కొలవండి. ఇ, ఆర్ పట్టేంత చోటు ఉందో లేదో అక్కడే తేలిపోతుంది. ఒకే అచ్చులో ఒకే వరుస అక్షరాలు ఒకే కొలతలో ఉంటాయి కాబట్టి ఈ పద్ధతిని నమ్మవచ్చు. ఫోటోను కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి స్కేలు పెట్టి కొలిచినా చాలు.

ఉక్కు గురించి ఒక మాట. తుప్పు పట్టింది కాబట్టి పాతది అనుకోవద్దు. తుప్పు పట్టని ఉక్కును హ్యారీ బ్రేర్లీ 1913లో షెఫీల్డ్‌లోనే రూపొందించారు. కత్తి మీద ‘స్టెయిన్‌లెస్’ అని గానీ జర్మన్‌లో ‘రోస్ట్‌ఫ్రై’ అని గానీ ఉంటే అది 1913కి ముందుది కానే కాదు. అయితే మంచి గడ్డం కత్తులను ఆ తర్వాత కూడా మామూలు కర్బన ఉక్కుతోనే చేస్తూ వచ్చారు. అందువల్ల తుప్పు పట్టే గుణాన్ని బట్టి తేదీ చెప్పలేం. ‘కాస్ట్ స్టీల్’ అన్న ముద్రా అంతే. బెంజమిన్ హంట్స్‌మన్ 1740లలో మూసలో ఉక్కు కరిగించే పద్ధతి కనిపెట్టాక ఆ మాట వాడుకలోకి వచ్చి, శతాబ్దానికి పైగా కొనసాగింది.

సాగరఘోష

సానరాయి గారూ, మీరు చెప్పినట్టే నూనె వేసి అద్దాను. గుడ్డకు ఎర్రటి మడ్డి అంటింది, అక్షరాలు మాత్రం అలాగే ఉన్నాయి. మేనమామ గారికి మీ జవాబు చదివి వినిపించాను, గరుకు కాగితం మాట మళ్లీ ఎత్తలేదు.

ఉక్కునగరం గారూ, టార్చి తోక వైపు నుంచి పెట్టినప్పుడు కొత్తగా ఒకటి కనిపించింది. ‘మెజెస్టీ’కి ముందున్న అక్షరం అడుగున కుడివైపుకు జారే ఏటవాలు గీత. ఎస్ అయితే అక్కడ వంపు ఉండాలి కదా? తర్వాత తెర మీద కొలిచాను. ‘కట్లర్స్’లోని ఇ, ఆర్ జంట వెడల్పూ, తుప్పు తిన్న చోటి వెడల్పూ దాదాపు సమానం. కొత్త ఫోటోలు పెట్టాను, దయచేసి మీరు కూడా కొలిచి చూడండి.

ఉక్కునగరం

కొలిచాను. అక్కడ ఐ, ఎస్ ఉంటే ‘మెజెస్టీ’ అన్న మాట ఎడమకు జరిగి ఉండేది. ఆ ఏటవాలు గీత ఆర్ కాలు. ‘హర్ మెజెస్టీ’ అనే చదువుతాను.

పాతసరుకు

నేనూ అలాగే చదువుతున్నాను. అంటే ఈ అచ్చు 1837కూ 1901కూ మధ్యది. ఇప్పుడు ఆ అరవై నాలుగేళ్లను ఇరుకు చేయాలి.

అలుగును అంచు వైపు నుంచి, అంటే కొన మీ కంటికి ఎదురుగా ఉండేటట్టు పెట్టి ఫోటో తీశారు చూడండి, అది చాలా విలువైన ఫోటో. పక్కలు దాదాపు తిన్నగా దిగాయి, నడుమ కాస్త మాత్రమే లోపలికి వంగాయి. తొలినాటి కత్తులన్నీ గొడ్డలి అలుగులా మందంగా ఉండేవి. సాన చక్రం మీద పక్కలను గుంటగా తీసి, అంచు దగ్గర కాగితమంత పలచన చేసే విద్య జర్మనీలోని సోలింగెన్‌లో పందొమ్మిదో శతాబ్దం చివరి పాదంలో బాగా ముదిరింది. తర్వాత షెఫీల్డ్ కూడా ఆ దారి పట్టక తప్పలేదు. అంత లోతుగా గుంట తీసిన కత్తులకు అలుగు మొదట్లో వంకర పోకుండా ఆపే ఉబ్బు ఒకటో రెండో ఉంచేవారు. మీ కత్తికి అవి లేవు. మరోపక్క సానరాయి గారు చూపిన గాట్లు, పొడుగు తోక ఉన్నాయి. పద్దెనిమిదో శతాబ్దంలో తోక చాలా పొట్టి, కొన్నిటికి దాదాపు ఉండేదే కాదు.

వీటన్నిటినీ కలిపితే 1840లు మొదలు 1880ల లోపు అంటాను. ఇంతకంటే ఇరుకు చేసి ‘1862’ లాంటి ఏడాది చెప్పేవారిని నమ్మకండి. షెఫీల్డ్‌లో బరువైన అలుగులను కొత్త మోజు వచ్చాక కూడా చేస్తూ ఉన్నారు. ఆకారం ఒక్కటే పట్టుకుని గట్టిగా చెప్పలేం, ముద్రతో కలిపితేనే దానికి బలం.

తూర్పుతీరం

మెకిన్లీ చట్టం గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. అయితే నకిలీ సంగతి ఏమిటి? రాడ్జర్స్ పేరుకు అంత గిరాకీ ఉంటే ఆ పేరు కొట్టి అమ్మినవారు ఉండరా? పైగా రాడ్జర్స్ వారి గుర్తు 1764 నాటిదని ఎక్కడో చదివాను. దాన్ని బట్టి వయసు చెప్పలేమా?

పాతసరుకు

నకిలీలు ఉండేవి, బోలెడు. అందుకే రాడ్జర్స్ వారి గుర్తైన ఆ నక్షత్రం, మాల్టా శిలువ ముఖ్యం. షెఫీల్డ్‌లో కత్తుల తయారీదారుల సంఘం గుర్తులను కేటాయించి నమోదు చేసేది. పేరుతో పాటు ఆ రెండు గుర్తుల జంట కూడా సరిగ్గా ఉంటే నకిలీ అన్న అనుమానం కొంత తగ్గుతుంది. సాగరఘోష గారి ఫోటోలో శిలువ చేతులు బయటికి వెళ్లే కొద్దీ వెడల్పై, చివర చీలినట్టు ఉన్నాయి. మాల్టా శిలువ ఉండవలసిన తీరే అది. అక్షరాల వరుస కూడా తిన్నగా ఉంది. అసలుదే అనుకుంటున్నాను.

గుర్తు పుట్టిన ఏడాదిని కత్తి పుట్టిన ఏడాదిగా మాత్రం తీసుకోకూడదు. సోలింగెన్ హెంకెల్స్ వారి జంట మనుషుల బొమ్మ 1731లో నమోదైంది. ఆ బొమ్మ ఉన్న కత్తెరలు ఇవాళ కూడా కొత్తవి దొరుకుతున్నాయి!

ఉక్కునగరం

ముద్రలతో తేదీ తేల్చే ఈ పద్ధతికి మన తెలుగు నేలతో ముడిపడిన ఒక ఉదాహరణ ఉంది, చెప్పకుండా ఉండలేను. కొన్ని షెఫీల్డ్ కత్తుల మీద ‘సిల్వర్ స్టీల్’ అని ఉంటుంది. 1819 ప్రాంతం నుంచి 1822 దాకా శాస్త్రవేత్త మైకేల్ ఫారడే, లండన్ కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్ కలిసి ఉక్కులో వెండి, ప్లాటినం లాంటివి కలిపి చూశారు. వారి ప్రయోగాలకు ప్రేరణ మన దేశం నుంచి వెళ్లిన ఉక్కు ముద్దలు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం ఆ ఉక్కుకు పేరుమోసిన చోటు. ఫారడే తన మిశ్రమాలతో చేయించిన గడ్డం కత్తులను స్నేహితులకు కానుకగా ఇచ్చేవారు. ఆ తర్వాతే షెఫీల్డ్‌లో ‘సిల్వర్ స్టీల్’ పేరు మోత మోగింది. కాబట్టి ఆ ముద్ర కనిపిస్తే 1820లు, లేదా తర్వాత. ఈ కత్తి మీద అది లేదు, అయినా ఈ వేదికలో మరొకరికి పనికి రావచ్చు.

దంతపుపెట్టె

మీరంతా అలుగు దగ్గరే ఉన్నారు. పిడి మాట ఎవరూ ఎత్తడం లేదు. నేను విశాఖ దంతపు పని మీద చాలా కాలంగా చదువుతూ, చూస్తూ ఉన్నాను. పద్దెనిమిదో శతాబ్దం నుంచి ఈ ఊళ్లో దంతం, తాబేటి చిప్ప, గేదె కొమ్ము, గంధపు చెక్కతో పెట్టెలు, బల్లలు, కుర్చీలు చేసి ఇంగ్లీషు వారికి అమ్మేవారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ వాటిని ‘విజగపటం’ పనిగానే పిలుస్తారు. తెల్లని దంతం మీద సన్నగా గీత గీసి, ఆ గీతలో నల్లని లక్క నింపడం వారి చేతివాటం. మీ కత్తి పిడి మీద తెల్లని చుక్కల్లో నల్లని గీత చూడగానే ప్రాణం లేచి వచ్చింది.

షెఫీల్డ్ పిడి ఇలా ఉండదు. పిడి రెండు రేకులూ ఒకే మందంలో ఉంటాయి, మేకుల తలల కింద చిన్న లోహపు బిళ్లలు ఉంటాయి, మూసినప్పుడు అలుగు సరిగ్గా నడుమకు వచ్చి కూర్చుంటుంది. మీ ఫోటోలో ఒక రేకు మందం, రెండోది పలచన. మేకుల తలలను బిళ్లలు లేకుండా నేరుగా కొమ్ము మీదే సుత్తితో గుండ్రంగా కొట్టారు. అలుగు ఒక పక్కకు వాలింది. పిడి మారింది! పాత పిడి పగిలాక ఇక్కడి కొమ్ము పనివారెవరో కొత్తది చేసి ఉంటారు. విశాఖలో కాకపోతే పర్లాకిమిడిలో. అక్కడి కొమ్ము పని ఇప్పటికీ పేరున్నదే.

సాగరఘోష గారూ, మూడు విషయాలు చూసి చెప్పండి. ఒకటి, తెల్లని చుక్కలను భూతద్దంతో చూడండి. సూది మొనతో పొడిచినట్టు సన్నని నల్ల చుక్కలు కనపడితే అది ఎముక. అవేమీ లేకుండా, ఒకదానినొకటి ఖండించుకునే సన్నని వంపు గీతలు కనపడితే దంతం. రెండు, పిడి చివర రేకుల నడుమ దూర్చిన ముక్క దేనితో చేసింది? పాత షెఫీల్డ్ కత్తుల్లో తరచుగా సీసం ఉంటుంది. మూడు, కత్తి వెన్ను మీద, అంటే అంచుకు ఎదురు పక్కన, ఏమైనా రాసి ఉందా? చాలామంది అటు చూడరు.

ఒక హెచ్చరిక. కాల్చిన సూది గుచ్చి వాసన చూడమని కొందరు సలహా ఇస్తారు. ఎవరి మాటా వినకండి. పిడి సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ అయితే భగ్గున మండుతుంది. 1870లలో మార్కెట్లోకి వచ్చిన ఆ పదార్థంలో కర్పూరం ఉంటుంది కాబట్టి బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే చాలు.

సాగరఘోష

దంతపుపెట్టె గారూ, మీ ప్రశ్నలకు జవాబులు ఇవి. తెల్లని చుక్కల్లో సన్నని నల్ల పొడుపులు స్పష్టంగా కనిపిస్తున్నాయి, కాబట్టి ఎముకే. పిడి చివరి ముక్క సీసం కాదు. ముదురు గోధుమ రంగు, గట్టిగా, నున్నగా ఉంది, లోహంలా చల్లగా లేదు. బొటనవేలు వేడెక్కేదాకా రుద్దితే ఆసుపత్రి వరండాలో వచ్చే కార్బాలిక్ వాసన కొట్టింది.

ఇక వెన్ను మీద మడ్డి కింద సన్నని అక్షరాలు ఉన్నాయి! నూనె గుడ్డతో అద్దాక ‘థర్స్‌డే’ అని చదవగలిగాను. గురువారం ఏమిటి? కొన్న రోజా?

దంతపుపెట్టె

కార్బాలిక్ వాసన అంటే బేకలైట్, తొలినాటి ప్లాస్టిక్ రకం. దానికి పేటెంటు వచ్చింది 1909లో. అంటే ఈ పిడిని బిగించింది 1909 తర్వాతే. పాత విద్యుత్ స్విచ్చు ముక్కను అరగదీసి దూర్చి ఉండవచ్చు, ఇలాంటి మరమ్మతుల్లో చేతికందిన ముక్కే వాడతారు. పిడి వయసు వేరు, అలుగు వయసు వేరు.

సానరాయి

గురువారం చూడగానే నాకు అర్థమైంది. అది ఏడు కత్తుల పెట్టెలోది. వారంలో రోజుకొక కత్తి. గడ్డం గీశాక ఉక్కు అంచు వెంటనే మళ్లీ పనికి దిగితే త్వరగా మొద్దుబారుతుందని, వారం విశ్రాంతి ఇస్తే నిలుస్తుందని నమ్మేవారు. డబ్బున్న దొరల ఇళ్లలో ఉండేవి అలాంటి పెట్టెలు. మా వృత్తివారి దగ్గర ఉండేవి కావు.

దీనికి ఇంకో సాక్ష్యం కూడా ఉంది. కత్తిని సానరాయి మీద పెట్టినప్పుడు అంచూ వెన్నూ రెండూ రాయికి ఆనుతాయి. ఏళ్ల తరబడి నూరితే వెన్ను మీద చదునైన మెరుపు పట్టీ ఏర్పడుతుంది, అలుగు వెడల్పు తగ్గిపోతుంది. మా తాతగారి కత్తి ఒకటి నూరి నూరి సగానికి వచ్చింది. మీ కత్తి వెన్ను మీద ఆ పట్టీ గీతంత కూడా లేదు. ఏడింట ఒక వంతే పనిచేసిన కత్తి కాబట్టి అలా ఉంది. దుకాణంలో పనిచేసిన కత్తి కాదిది, ఒక మనిషి సొంతానికి వాడుకున్నది.

తూర్పుతీరం

అయితే ఇంట్లో చెప్పుకునే కథ నిజమే కావచ్చు కదా! పాత కత్తిని 1933లో ఇచ్చి ఉండవచ్చు.

పాతసరుకు

కావచ్చు. అలుగు విక్టోరియా కాలానిది, పిడి 1909 తర్వాతది, చేతులు మారింది 1933లో. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి పేచీ లేదు. ఆ ఇంజనీరుకు తన తండ్రి నుంచో తాత నుంచో వచ్చి ఉండవచ్చు. 1903లో జిల్లెట్ బ్లేడు రేజర్లు అమ్మకానికి వచ్చాక మడత కత్తులు పక్కకు జరిగాయి, 1933 నాటికి ఇది ఆయనకు కూడా పాత వస్తువే. పిడి మారింది ఆయన దగ్గర ఉన్నప్పుడా, మీ ముత్తాతగారి దగ్గర ఉన్నప్పుడా అన్నది కత్తి చెప్పదు. ఇంట్లో పాత ఉత్తరాలు, జమాఖర్చు పుస్తకాలు ఉంటే వెతకండి. ఆ పెట్టెలో ఇంకేమి ఉన్నాయో కూడా రాసి పెట్టుకోండి. కత్తిని చుట్టిన గుడ్డ, కింద పరిచిన వార్తాపత్రిక, వీటిని పారేయకండి. పత్రిక మీద తేదీ ఉంటే కత్తిని చివరిసారి ఎప్పుడు దాచారో తెలుస్తుంది.

సాగరఘోష

పెట్టె అడుగున నిజంగానే పత్రిక కాగితం ఉంది, తేదీ ఉన్న అంచు చిరిగిపోయింది. జాగ్రత్తగా తీసి పెట్టాను.

వస్తువు పక్కన పెట్టే చీటీ మీద ఇలా రాద్దామనుకుంటున్నాను: ‘జోసెఫ్ రాడ్జర్స్ అండ్ సన్స్, షెఫీల్డ్. అలుగు సుమారు 1840–1880. ఏడు కత్తుల పెట్టెలో గురువారానిది. కొమ్ము పిడి, ఎముక పొదుగు, స్థానిక పని కావచ్చు, 1909 తర్వాత. 1933లో చేతికి వచ్చిందని ఇంటివారి మాట.’ అభ్యంతరం ఉంటే చెప్పండి.

దంతపుపెట్టె

‘ఇంటివారి మాట’ అని విడిగా రాయడం చాలా బాగుంది. నాకు అభ్యంతరం లేదు.

వేదిక నిర్వాహకులు

ఈ చర్చ చూసి కొందరు సాగరఘోష గారికి విడిగా కొనుగోలు సందేశాలు పంపినట్టు తెలిసింది. వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువులకు 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం వర్తించవచ్చు. పురావస్తువును ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నేరం. పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. దంతం ఉన్న వస్తువైతే వన్యప్రాణి రక్షణ చట్టం కూడా ఉంది. 1986, 1991 సవరణలతో మన దేశపు దంతం, ఆఫ్రికా దంతం రెండింటి వ్యాపారాన్నీ నిషేధించారు. తాబేటి చిప్ప విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. ఈ వేదికలో అమ్మకాలకు చోటు లేదు.

సాగరఘోష

అమ్మే ఉద్దేశం లేదండి. ఇక దాన్ని దాచడం ఎలా? మా ఇంటి నుంచి సముద్రం కనిపిస్తుంది, వానాకాలంలో కిటికీ చువ్వలకే తుప్పు ఆగదు.

ఉక్కునగరం

ఉప్పు తేమే మనకు శత్రువు. నూనె పూసే ముందు వేళ్ల ముద్రలు పడకుండా చేతికి నూలు తొడుగు వేసుకోండి, చెమటలో కూడా ఉప్పే. అలుగు మీద, మెడ మీద పలచగా మిషను నూనె. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకు జిగురు కడుతుంది. తోలు సంచిలో పెట్టవద్దు, తోలు తేమను పట్టి ఉంచుతుంది. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో తేమ పీల్చే సిలికా గుళికల పొట్లం వేసి, వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తీసి చూడండి.

సానరాయి

కొమ్ము పిడికి మాత్రం ఆ డబ్బాలో మరీ ఎక్కువ గుళికలు వేయకండి. కొమ్ము బాగా ఎండితే పొరలు విడిపోయి మెలి తిరుగుతుంది. పిడికి విడిగా, అప్పుడప్పుడు, ఒక చుక్క నూనె వేలితో రాయండి. అలుగును పిడిలోకి మూసే ముందు లోపలి చెమ్మ ఆరిందో లేదో చూసుకోండి. ఎక్కువగా తుప్పు పట్టేది అక్కడే. ఎవరైనా పదును పెట్టిస్తామంటే ఒప్పుకోవద్దు. చక్రసాన మీద పెడితే ఉక్కు వేడెక్కి పదును పట్టే గుణమే పోతుంది. వెన్ను మీది గురువారం కూడా చెరిగిపోతుంది.

గాజువాక_కొత్తసభ్యుడు

చర్చ మొదటి నుంచీ చదివాను, చాలా నేర్చుకున్నాను. మా నాన్నగారి కత్తి ఒకటి ఉంది. మెడ మీద ‘సోలింగెన్, వెస్ట్ జర్మనీ’ అని ఉంది. పిడి తెల్లగా, ప్లాస్టిక్‌లా ఉంది. ఇది కూడా వందేళ్ల నాటిదే అయి ఉంటుందా?

పాతసరుకు

పశ్చిమ జర్మనీ ఆ పేరుతో ఉన్నది 1949 నుంచి 1990 వరకు. మీ కత్తి అంతకు ముందుది కాదు. అయినా మంచి కత్తే అయి ఉండవచ్చు. మెడ రెండు వైపులా, వెన్ను, పిడి మేకులు, అలుగు కొన ఎదురుగా, ఇన్ని ఫోటోలు తీసి కొత్త చర్చ మొదలుపెట్టండి. తుప్పు ఉంటే నూనె వేసి అద్దండి, రుద్దకండి.